తలకిందుల వీధి

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు అతను అక్క గది కిటికీకి చివరి నల్ల అట్ట అంటించి, స్టూలు దిగి, చేతికంటిన జిగురు పాత గుడ్డతో తుడుచుకున్నాడు. గదిలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. మొదట మంచం కాళ్లు పోయాయి, తర్వాత మందుల బల్ల, చివరికి దిండు మీద అక్క మొహం. ఆ చీకట్లోంచి, అక్క ఎడమచేతిలో ఉండే నొక్కుడు గంట ఒకసారి మోగింది. ఒకసారి అంటే మంచినీళ్లు, రెండుసార్లంటే పక్కకి తిప్పమని, మూడంటే నొప్పి.

“ఉండక్కా, ఇప్పుడేగా తాగావు,” అన్నాడు అతను.

అతనిది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. ఇరవై రెండేళ్లుగా అదే దుకాణం, అదే బల్ల. మంగళవారం సెలవు. పని వదిలితే కెమెరా, కెమెరా వదిలితే పని. వీధిలో అందరూ అతన్ని ఫోకస్ అంటారు. మొహం మీద అనరు గానీ, అన్నా అతను నొచ్చుకోడు. దూరాలు పోవడం అతనికి గిట్టదు. ఇంటి చుట్టుపక్కల మాత్రం కెమెరాకి చిక్కనిదంటూ ఏమీ మిగల్లేదు: కుళాయి మూతికి వేలాడే బొట్టు, ఎదుటి డాబా మీద ఆరేసిన దుప్పట్లు, నాలుగింటికి మెట్ల మీద పడే చువ్వల నీడ. ఇంట్లో తననొక్కదాన్నే ఇంకా తియ్యలేదనీ, కుళాయికున్న ఓపిక తనకెక్కడిదనీ అతని భార్య ఇంటికొచ్చిన వాళ్లందరితో అంటుంది.

ఫొటో క్లబ్బులో అతను పదకొండేళ్లుగా సభ్యుడు. పదకొండేళ్లలో నాలుగు ప్రోత్సాహక బహుమతులు వచ్చాయి. ప్రోత్సాహక బహుమతి అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. పోనీలే పాపం, అని. ఈ ఏడు క్లబ్బు సెక్రటరీ కొత్త నియమం పెట్టాడు. ఇంటి గుమ్మం నుంచి వంద అడుగుల లోపల తీసిన బొమ్మలే పోటీకి తీసుకుంటారు. ఇది నీ కొలతలు తీసుకుని కుట్టించిన చొక్కాలా ఉందయ్యా ఫోకస్, ఇది కూడా పట్టకపోతే కెమెరా అటకెక్కించెయ్, అని నలుగురిలో నవ్వాడు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా మొహం మీంచి దించుకోలేకపోయాడు.

అక్క అతనికంటే పధ్నాలుగేళ్లు పెద్దది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. పెళ్లి మాట ఎత్తితే ఈ చిన్నోణ్ణి ఎవరు చూస్తారు అనేది. చిన్నోడు పెద్దవాడయ్యాక, ఇప్పుడు నన్నెవరు చూస్తారు అని తనే నవ్వేది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి, పదవీ విరమణ చేసి, ఏడాదిన్నర కింద ఒక పొద్దున పళ్లు తోముకుంటూ పడిపోయింది. కుడివైపంతా పోయింది. మాట పోయింది. మిగిలినవి ఎడమచెయ్యి, కళ్లు, కిటికీ. మేడ మీది ఈ గదిలో ఇనప మంచం కిటికీకి ఎదురుగా వేయించింది అతని భార్య, వదినకి కాలక్షేపంగా ఉంటుందని. ఏ బండి ఎవరి గుమ్మంలో ఎంతసేపు ఆగిందో వీధి మొత్తం మీద అక్కకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చెప్పలేదు, అంతే.

అట్ట మధ్యలో చిటికెన వేలి గోరంత రంధ్రం పెట్టాడు అతను. తలుపు మూసి, గోడకి ఆనుకుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడ్డాడు.

మెల్లగా వచ్చింది. ముందు గోడ మీద పాలిపోయిన మచ్చల్లా, తర్వాత రంగుల్లా, ఆ తర్వాత వీధిలా. ఎదుటి వరస మీద పడ్డ ఎండ అంతా ఆ చిన్న రంధ్రంలోంచి దూరి, అక్క తల వెనక తెల్లగోడ మీద పరుచుకుంది. పైనుంచి వచ్చే వెలుగు కిందకీ, కిందనుంచి వచ్చేది పైకీ పోతుంది గనక లోపల పడే బొమ్మ తలకిందులుగా ఉంటుంది. తెలిసిన సంగతే. తెలిసినా ఒళ్లు జలదరించింది. రోడ్డు కప్పు దగ్గర ఉంది. ఆకాశం కిందకి జారి దుప్పటి మీద పారుతోంది. మందుల దుకాణం బోర్డు, దీపస్తంభం, ఆగి ఉన్న బండి, అన్నీ పైనుంచి వేలాడుతున్నాయి. జనం కాళ్లు పైకీ తలలు కిందకీ పెట్టి, చప్పుడు లేకుండా, ఎవరి పని మీద వాళ్లు పోతున్నారు. అక్క నుదుటి మీద నీలం. బుగ్గ మీద ఎవరిదో బాల్కనీ.

ఈ వెలుగుకి ఫిల్ము మీద బొమ్మ నిలవాలంటే గంటో రెండు గంటలో కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. అంతసేపట్లో కదిలేవి ఏవీ మిగలవు. నడిచే మనిషి, పోయే బండి, ఎగిరే పక్షి, అన్నీ కరిగిపోతాయి. కదలనిదే మిగులుతుంది. మనిషి లేని బొమ్మ క్లబ్బులో ఎవరికీ పట్టదు. రెండు గంటలు రెప్ప తప్ప ఏదీ కదపని మనిషి ఏ సభ్యుడి ఇంట్లో ఉంది? ఆ ఆలోచన వచ్చినందుకు అతను సిగ్గుపడలేదు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అనుకున్నాడు.

బొమ్మ పడింది అక్క తల వెనక. ఆవిడకి కనబడేది ఎదురుగా ఉన్న నల్ల అట్టా, అందులో నక్షత్రమంత వెలుగూ మాత్రమే. అది గుర్తొచ్చి చేతి అద్దం తెచ్చి మొహం ముందు పట్టాడు. అక్క కళ్లు మెరిశాయి. తన వీధిని తను గుర్తుపట్టింది. అద్దంలో అటూ ఇటూ వెతికాయి కళ్లు, ఒక చోట ఆగాయి, గట్టిగా మూసుకున్నాయి. గంట మూడుసార్లు మోగింది.

తల తిరుగుతోంది కాబోలనుకున్నాడు. మొదట్లో అందరికీ అలాగే ఉంటుందని చెప్పి అద్దం తీసేశాడు.

ఉదయం పూట అక్కని చూసుకునే ఆయమ్మ పన్నెండింటికి వెళ్లిపోతుంది. భార్య బట్టలు కుట్టే కార్ఖానా నుంచి ఆరింటికి గానీ రాదు. పన్నెండు గంటలకి అతను కెమెరాని కిటికీ కిందే స్టాండు మీద నిలబెట్టి, కన్ను తెరిచి, తలుపు మూసి, మెట్ల మీద కూర్చున్నాడు. గంట మోగుతూనే ఉంది. ఒకసారి కాదు, రెండు కాదు, మూడు కాదు, లెక్కలేకుండా. వస్తున్నా అక్కా, అని రెండుసార్లు అరిచాడు. వెళ్లలేదు. ఇరవై నిమిషాలకి ఆగిపోయింది. నిద్రపోయిందనుకున్నాడు.

ఒంటిగంటకి అట్ట తీసి చూస్తే అక్క నిద్రపోలేదు. నల్లగుడ్లు పూర్తిగా పైకెక్కించి, తెల్లగుడ్లే కనబడేలా, తన తల వెనక్కి చూడాలని చూస్తోంది. మెడ నరం తాడులా ఉబ్బింది. దుప్పటి తడిసిపోయింది. అతను దుప్పటి మార్చాడు. ఈ సంగతి భార్యతో అనలేదు.

బుధవారం సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, స్నానాలగదిలో ఎర్రబల్బు కింద ప్రింటు వేశాడు. మందునీళ్లలో కాగితం అటూ ఇటూ ఊగుతుంటే వీధి మెల్లగా తేలింది. ఒక్క ప్రాణి లేని వీధి, తలకిందులుగా. ఇనప మంచం, దిండు, అక్క మొహం చెక్కినట్టు వచ్చాయి. ఎడమచెయ్యి దగ్గర మాత్రం తెల్లటి మచ్చ. గంట నొక్కినప్పుడల్లా స్విచ్చు మీద వెలిగే చిన్న ఎర్రదీపం పాడుచేసింది. అతను నాలుక కొరుక్కుని, ఇంకా ఏమేం చెడ్డాయో చూద్దామని వంగాడు.

మంచం తలవైపున ఎవరో నిలబడి ఉన్నారు.

వీధిలో ఎవరో ఆగి ఉంటారు, వాళ్లు పడి ఉంటారు, అనుకున్నాడు మొదట. ఆ ఆలోచన పూర్తికాక ముందే చల్లబడిపోయింది. వీధిలోంచి వచ్చింది ఏదైనా తలకిందులుగా పడాలి. బోర్డు తలకిందులు. స్తంభం తలకిందులు. బండి తలకిందులు. ఈ మనిషి పాదాలు నేల మీద ఉన్నాయి. తల పైన ఉంది. అంటే ఇది రంధ్రంలోంచి లోపలికి రాలేదు. గదిలోనే ఉంది. గంటసేపూ ఉంది. వేలు కూడా కదపకుండా ఉంది గనకే ఇంత నల్లగా పడింది.

మంచం చువ్వల వెనక, గోడకి ముందు. సన్నటి భుజాలు. రెండు చేతులూ సరిసమానంగా కిందకి వేలాడుతున్నాయి. గోడ మీద, మంచం మీద, అక్క మీద పడ్డ వీధి వెలుగు దాని మీద పడలేదు. ఆ మేరకి వీధిని ఎవరో కత్తిరించి తీసినట్టుంది. మొహం లేదు. మొహం ఉండాల్సిన చోటు దిండు వైపు వంగి ఉంది.

గురువారం ఆ ప్రింటు సెక్రటరీకి చూపించాడు. ఎందుకు చూపించావని అడిగితే చెప్పలేడు. ఎవరో ఒకరు, ఇది ఫిల్ము లోపం, రసాయనం మరక, అంటారని ఆశపడ్డాడేమో. సెక్రటరీ ఆ మాట అనలేదు. కళ్లజోడు పైకి తోసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, మూలమూలా చూశాడు. ఈ నిలబడిందెవరు అన్నాడు. మా ఆవిడ, అన్నాడు అతను. గంటసేపు అలా నిలబడిందా, ఆ ఇల్లాలికి దండం పెట్టాలయ్యా, అన్నాడు సెక్రటరీ. తర్వాత అసలు మాట చెప్పాడు. మంచమూ గోడా అయితే ముచ్చటైన బొమ్మ, అంతకంటే ఏమీ కాదు. ఈ నిలబడ్డ మనిషి వల్ల ఇది ఇంకోటయింది.

“ఆ తెల్లమచ్చ తీసెయ్. గంట చాలదు, రెండిచ్చుకో. సోమవారం సాయంత్రంలోగా తెచ్చావంటే ఈ ఏడు నీదే, రాసిస్తాను.”

శుక్రవారం ఉదయం ఆయమ్మ మెట్ల దగ్గర అతన్ని ఆపింది. అమ్మగారు కిటికీ వైపు చూడటమే మానేసిందట. తను ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నా పైకి చూస్తోందట, తన నెత్తి వెనక ఎవరో వంగి ఉన్నట్టు. తల దువ్వుదామని తను మంచం వెనక్కి వెళితే గంట మోగించేస్తోందట. అక్కడ నిలబడితే నాకూ బాగోడం లేదు సార్, అంది. ఈ మాటలు భార్య చెవిన కూడా పడ్డాయి. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. చీపురు గోడకి ఆనించి వచ్చి ఎదురుగా నిలబడింది.

“వదినకి మిగిలిందే ఆ కిటికీ. అది కూడా మీకే కావాలా?”

సోమవారంతో ఈ అట్టల గొడవ ముగించేస్తానన్నాడు. ముగిస్తారులెండి, నాలుగు ప్రోత్సాహకాలు చాలవు, ఐదోది రావాలిగా, అని ఆవిడ పనికి వెళ్లిపోయింది.

అతను మేడ మీదకి వెళ్లాడు. కిటికీ బార్లా తెరిచి ఉంది, ఎండ నేలంతా పరుచుకుని ఉంది. టేపు పెట్టి గోడ కొలిచాడు, మరకలేమైనా ఉన్నాయేమోనని చేత్తో తడిమాడు. ఏమీ లేదు. మంచం తలవైపున, ఫొటోలో పాదాలున్న చోట తన పాదాలు పెట్టి నిలబడ్డాడు. ఏళ్లతరబడి తెరవని పెట్టె మూత ఎత్తినట్టు వాసన. కింద దిండు మీంచి అక్క కళ్లు అతన్నే చూస్తున్నాయి. అవి అతన్ని చూసి భయపడటం లేదు. అతని కోసం భయపడుతున్నాయి. అతను గబగబా బయటికి వచ్చేశాడు.

అక్కడ ఎవరో ఉన్నారని అతనికి అప్పటికే తెలుసు. తెలిసింది గనక మళ్లీ ఆ మూలకి తాను వెళ్లదలచుకోలేదు. కెమెరా వెళ్తుంది. అక్క ఎలాగూ అక్కడే ఉంటుంది.

శనివారం దుకాణంలో సగంరోజు సెలవు పెట్టాడు. పావుతక్కువ పన్నెండుకే ఆయమ్మని పంపేసి, ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటాక అట్ట పెట్టాడు, తలుపుకి లోపలివైపున మందపాటి నల్లతెర కట్టాడు, ఫిల్ము ఎక్కించాడు. చివరగా అక్క ఎడమచేతిలోంచి గంట తీసుకోబోయాడు. ఆ చేతిలో అంత బలం ఉందని అతనికి తెలియదు. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. విడదీసిన వేలు మళ్లీ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు బడికి పోనని తను ఇదే చెయ్యి ఇలాగే పట్టుకుని వేలాడేవాడు.

“రెండు గంటలే అక్కా. రేపట్నుంచి కిటికీ నీదే.”

గంట జేబులో వేసుకుని, కెమెరా కన్ను తెరిచి, తెర దాటి, తలుపు మూసి, బయట గొళ్లెం పెట్టాడు. గొళ్లెం ఎందుకు పెట్టాడో ఆలోచించలేదు. హాల్లోని గడియారం తెచ్చి మెట్టు మీద ఆనించుకుని కూర్చున్నాడు.

అరగంట దాకా వీధి చప్పుళ్లే. బండి స్టార్టు కాక నాలుగుసార్లు దగ్గింది. మందుల దుకాణం వాడు షట్టరు సగం దించాడు. ఎవరో ఎవర్నో భోజనానికి పిలిచారు. తర్వాత ఆ చప్పుళ్లు ఒక్కొక్కటే దూరమైపోయాయి, ఎవరో మధ్యలో తలుపులు మూసుకుంటూ వస్తున్నట్టు. గడియారం ముల్లు చప్పుడు మిగిలింది.

తలుపు కింది సందులోంచి వాసన వచ్చింది. మూసిన పెట్టె వాసన... దాని అడుగున తడిసి ఆరని బట్టల వాసన.

మంచం కిర్రుమంది.

అక్క కదిలితే మంచం కిర్రుమనదు. ఆవిడ కదలదు. ఆ ఇనప మంచం అలా కిర్రుమనాలంటే దాని అంచు మీద ఎవరైనా కూర్చోవాలి.

ఒంటిగంట ఇరవై రెండు.

“ఒరే చిన్నోడా...”

అతను తలుపు వైపు తిరిగాడు. ఏడాదిన్నర తర్వాత. గొంతు బొంగురుగా ఉంది, తుప్పుపట్టినట్టుంది, కానీ ఆవిడదే. ఆ పిలుపు పిలిచే మనిషి లోకంలో ఇంకొకరు లేరు.

“తలుపు తియ్యరా...”

లేచాడు. గొళ్లెం మీద చెయ్యి వేశాడు. తల తిప్పి గడియారం చూశాడు. ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు. తలుపు తీస్తే మెట్ల మీది వెలుగు లోపల పడుతుంది. తెర ఉన్నా పడుతుంది. రెండోసారి ఈ ఎండ దొరకదు, సోమవారం ఆగదు. మాట తిరిగొచ్చింది కదా, అరగంటలో మళ్లీ పోదు, అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు.

“ఇంకొంచెంసేపే అక్కా,” అన్నాడు గొంతు తగ్గించి.

లోపల ఊపిరి వినబడుతోంది. గసపోస్తున్న ఊపిరి. దాని మీద ఇంకో ఊపిరి... నెమ్మదిగా, తీరిగ్గా.

“జరగమంటోందిరా...”

అతను గొళ్లెం పట్టుకునే ఉన్నాడు.

“నేనెక్కడికి జరగనురా...”

మంచం మళ్లీ కిర్రుమంది. ఈసారి చాలాసేపు. బరువైన మూటని దుప్పటితో సహా మెల్లగా పక్కకి లాగుతున్నట్టు. కొంచెం. ఇంకొంచెం. అంచు దాకా. అంచు దాటి... కింద పడిన చప్పుడు కోసం తలుపుకి చెవి ఆనించి ఎదురుచూశాడు. పడలేదు. ఎంతసేపు చూసినా పడలేదు.

గొళ్లెం మీంచి చెయ్యి తీసి మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు.

సరిగ్గా రెండింటికి లోపలికి వెళ్లాడు. చీకట్లో తడుముకుంటూ పోయి ముందు కెమెరా కన్ను మూశాడు. ఆ తర్వాత తల తిప్పాడు. గోడ మీద వీధి పైనుంచి వేలాడుతోంది. జనం కాళ్లు పైన పెట్టి పోతూ ఉన్నారు. మంచం తలవైపున ఎవరూ లేరు. పక్క మీద ఒక ఆకారం, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని ఉంది. అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు కనబడింది. గోడ మీద, మందుల దుకాణం ముందు, రోడ్డు నడిమధ్యన, ఆ కదిలే తలకిందుల జనంలో ఒక్కరు కదలడం లేదు. లేత రంగు పొడుగు చొక్కా. అక్కకి ఆయమ్మ పొద్దున తొడిగినటువంటిదే. పాదాలు కప్పు వైపు, తల నేల వైపు. ఎడమచెయ్యి ఈ కిటికీ వైపు చాపి ఉంది. ఒక సైకిలు నేరుగా వచ్చి, ఆ మనిషిలోంచి దూరి, అటుపక్కకి వెళ్లిపోయింది.

అట్టలు పీకేశాడు. గోళ్లు చినిగాయి. ఎండ కళ్లలో కొట్టింది. మందుల దుకాణం ముందు రోడ్డు ఖాళీగా ఉంది. సైకిలు వాడు మలుపు తిరుగుతున్నాడు.

“సార్,” అంది వెనకనుంచి ఒక గొంతు. “మంచినీళ్లు.”

అక్క మంచం మీద అక్క మొహమే ఉంది. కుడిచెయ్యి దుప్పటి బయటకి తీసి, వేళ్లు ఒక్కొక్కటే మడిచి విప్పి చూసుకుంటోంది.

ఆ సాయంత్రం భార్య వదిన మంచం పక్కన నేల మీద కూర్చుని ఏడ్చింది. డాక్టరు వచ్చి, ఇలాంటివి ఎప్పుడో గానీ జరగవు, మీ అదృష్టం, అన్నాడు. మూడోరోజుకి ఆవిడ లేచి కూర్చుంది, ఐదోరోజుకి గోడ పట్టుకుని నడిచింది. పెట్టిందల్లా తింది, ఇంకా కావాలంది. మాటలు వచ్చాయి గానీ అన్నీ ఆ గదిలో ఎవరో అన్న మాటలే. అతన్ని ఆయమ్మ పిలిచినట్టు సార్ అంది, ఆయమ్మని ఆయమ్మా అంది. తమ్ముణ్ణి పట్టుకుని సారేమిటి వదినా, ఇన్నాళ్లకి గౌరవం పెరిగిందా, అని భార్య కడుపుబ్బ నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది, భార్య ఎంతసేపు నవ్వితే సరిగ్గా అంతసేపు. కిటికీ వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు. మంచం ఇటు తిప్పమని అడిగి తిప్పించుకుంది.

ప్రింటు అద్భుతంగా వచ్చింది. తెల్లమచ్చ లేదు. తలకిందుల వీధిలో, కదలకుండా, చెయ్యి చాపి ఒక స్త్రీ. అతను దాన్ని సోమవారం సాయంత్రం ఐదింటికి క్లబ్బులో ఇచ్చి వచ్చాడు. నల్ల అట్టలు భార్య అప్పటికే చెత్తబండిలో వేసేసింది. కొత్తవి కొనడం పెద్ద పనేం కాదు. మళ్లీ చీకటి చేసి, మళ్లీ రెండు గంటలిచ్చి చూడచ్చు. అతను ఆ సంగతి రోజూ దుకాణానికి పోయేటప్పుడు అనుకునేవాడు. పోవడం మటుకు మందుల దుకాణం వైపునుంచి మానేసి, వెనక సందులోంచి పోయేవాడు.

ఆ తర్వాతి ఆదివారం ప్రదర్శన. మొదటి బహుమతి. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సెక్రటరీ అతన్ని పక్కకి తీసుకెళ్లి, గోడ పక్కనున్న మనిషిని వీధిలోకి మార్చడమేమిటయ్యా, ఎవరికి తట్టింది ఇది, అని భుజం తట్టి, ఎలా చేశాడో మొత్తం అడిగాడు. రంధ్రం ఎంత, కాలం ఎంత, తెర ఎక్కడ కట్టాలి. అతను అన్నీ చెప్పాడు. మంచం మీద కదలని మనిషి ఉంటే బొమ్మ బాగా కుదురుతుందని కూడా చెప్పాడు. ఆ రెండు గంటల్లో లోపల జరిగింది మాత్రం ఆపేశాడు. చెబితే నవ్వుతారని కాదు. బహుమతి అప్పటికింకా చేతికి ఇవ్వలేదు.

గురువారం ఉదయం పదకొండుంబావుకి, రాయి మీద అద్దం పెట్టి అరగదీస్తుంటే, దుకాణం ఫోను మోగింది. సెక్రటరీ. గొంతులో పాత వెటకారం లేదు. నువ్వు చెప్పినట్టే మంగళవారం మా ఇంట్లోనూ చేశానయ్యా, అన్నాడు. మా అమ్మ ఆరేళ్లుగా మంచంలోనే ఉంది కదా, ఆవిణ్ణే పడుకోబెట్టి తీశాను. గోడ పక్కన ఎవరో నిలబడ్డట్టు మొదటి ప్రింటులోనే పడింది. నిన్న రెండు గంటలిచ్చాను. నిన్నటి బొమ్మలో మా వీధిలో ఎవరో ముసలావిడ, తలకిందులుగా. తలకిందుల మొహం కదా, ఎవరో పోల్చుకోలేకపోయాను. అది కాదు ఫోను చేసింది. నిన్న సాయంత్రం మా అమ్మ మంచం దిగింది. మేమంతా ఏడ్చేశాం. ఎవరినీ గుర్తుపట్టదు, ఏమీ తినదు, ఒకటే మాట, తమ్ముడి దగ్గరికి పోవాలి, తమ్ముడి దగ్గరికి పోవాలి, అని. పొద్దున చూస్తే వీధి తలుపు తీసి ఉంది. చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి. నడిచి వెళ్లింది, మీ వీధి వైపే వెళ్లిందని ఇద్దరు చెప్పారు.

అతను మిషను ఆపాడు. మీ మేనమామ ఇల్లు ఇటువైపేమో, అక్కడ కనుక్కున్నారా సార్, అని అడిగాడు.

అదేగా నాకూ అర్థం కానిది, అన్నాడు సెక్రటరీ. ఆవిడ వాళ్లమ్మానాన్నలకి ఒక్కగానొక్క కూతురు. మా అమ్మకి తమ్ముళ్లెవరూ లేరు.